హ్యాండిల్‌బార్ వైరింగ్‌కి టూల్స్ కొనేముందు కప్లర్ విప్పి పిన్ను చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బైక్‌కి ఎత్తు హ్యాండిల్‌బార్ వేస్తున్నారు, రెండు వైపుల స్విచ్ వైర్లూ ఓ 20 సెంటీమీటర్లు పొడవు పెంచాలి, కుదిరితే బార్ లోపల నుంచి లాగాలి. చేతిలో మల్టీమీటర్, మామూలు సాల్డరింగ్ ఐరన్, కటింగ్ ప్లయర్ ఉన్నాయి. ఇంకేం కొనాలి, రంగురంగుల టెర్మినళ్ళతో (వైరు చివర తొడిగే లోహపు ముక్కలు) పాటు వచ్చే ఆ పెద్ద క్రింపింగ్ (నొక్కి బిగించే) కిట్ ఒకటి తీస్కుంటే పనైపోద్దా అని. ఆఖరి దానికి ముందే చెప్పేస్తా, అవ్వదు. ఆ కిట్ మంచిదా కాదా అన్నది తర్వాత, అసలు అది ఈ పనికి సంబంధించిన సరుకే కాదు.

ఎందుకంటే ఎరుపు, నీలం, పసుపు ప్లాస్టిక్ తొడుగు ఉన్న ఆ టెర్మినళ్ళు వేరే జాతి. ఎరుపు 22 నుంచి 16 గేజ్ వైరుకి (గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం), నీలం 16 నుంచి 14కి, పసుపు 12 నుంచి 10కి, వాటి క్రింపర్ నోరు ఆ తొడుగు మీద నుంచే అదిమేస్తుంది, అంతే. మీ బైక్ స్విచ్ వైర్ల చివర కప్లర్‌లో, అంటే వైర్లని జతచేసే ప్లాస్టిక్ ప్లగ్గులో ఉన్న పిన్ను అలాంటిది కాదు. రేకుని వంచి చేసిన చిన్న పిన్ను, వెనకాల రెండు జతల రెక్కలు ఉంటాయి, ముందు జత రాగి పోగుల్ని పట్టుకోవాలి, వెనక జత ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి. దీన్ని ఓపెన్ బ్యారెల్ అంటారు. ఆ రెక్కల్ని ఊరికే అదిమితే సరిపోదు, రెండూ లోపలికి చుట్టుకుని పోగుల మధ్యలోకి దిగాలి, దానికి క్రింపర్ దవడలో అడుగున చదును పల్లం, పైన రెండు గుండ్రని వంపులు ఉన్న డై (అచ్చు) కావాలి. ఎర్ర టెర్మినల్ క్రింపర్‌తో దీన్ని నొక్కితే రెక్కలు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, చూడ్డానికి పట్టుకున్నట్టే ఉంటుంది, హ్యాండిల్ తిప్పగా తిప్పగా ఒక రోజు హారన్ ఆగిపోద్ది, ఇంకో రోజు కిల్ స్విచ్ లైను తెగి నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోద్ది.

అందుకే టూల్ గురించి ఆలోచించేముందు కప్లర్ విప్పి పిన్ను చూడండి అంటాను నేను. ఏ క్రింపర్ కావాలో, ఏ పిన్ పుల్లర్ (పిన్ను పీకే టూల్) కావాలో, ఇన్సులేషన్ ఎంత లావు ఉండాలో అన్నీ పిన్నే చెప్తుంది. ఒక వెర్నియర్ కాలిపర్ తీస్కుని మగ పిన్ను బ్లేడు వెడల్పు కొలవండి. 2.3 ఎంఎం వస్తే 090 సిరీస్, జపాన్ బైకుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. 2.8 వస్తే 110, 1.8 వస్తే 070, 1 ఎంఎం దగ్గర వస్తే 040, 6.3 వస్తే 250. లెక్క తేలికే, ఆ నంబరు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉన్న వెడల్పు. సన్నగా గుండ్రంగా తూటాలా ఉంటే అది బుల్లెట్ టెర్మినల్, పాత బైకుల్లో ఇండికేటర్లకి ఎక్కువ, 3.5, 3.9 ఎంఎం సైజులు ఉంటాయి, పైకి ఒకలాగే కనిపిస్తాయి గానీ ఒకదాన్లో ఒకటి దూరిస్తే వదులవుద్ది లేదా స్లీవ్ చీలుద్ది. కొలిచాక కప్లర్‌కి వెనక వైపు వైరు చుట్టూ రబ్బర్ సీలు ఉందా లేదా చూడండి, ఉంటే అది వాటర్‌ప్రూఫ్ రకం, వెనక జత రెక్కలు ఆ రబ్బర్ సీలుని కూడా కలిపి పట్టుకోవాలి కాబట్టి దానికి డై గుండ్రంగా ఉండాలి, కోసుగా ఉన్న డై వాడితే సీలు చీలి నీళ్ళు లోపలికి పోతాయి.

ఇక క్రింపర్. డబ్బులు పెట్టాల్సింది దీని మీదే, మిగతా వాటిల్లో కక్కుర్తి పడినా నడుస్తుంది. రెండు దారులు ఉన్నాయి. ఒకటి ర్యాచెట్ క్రింపర్, ఒకసారి నొక్కడం మొదలుపెడితే పూర్తిగా మూసుకునే దాకా వదలదు, అందువల్ల ప్రతి పిన్ను ఒకే గట్టితనంతో వస్తుంది, చెయ్యి అలిసినా తేడా రాదు. ఐవిస్ లాంటి కంపెనీల ఎస్ఎన్-28బీ రకం 28 నుంచి 18 గేజ్ సన్న వైర్లకి, ఎస్ఎన్-48బీ రకం కొంచెం పెద్ద పిన్నులకి, అంటే 2.8, 4.8, 6.3 ట్యాబ్ టెర్మినళ్ళకి. రెండు జతల రెక్కలూ ఒకే నొక్కుకి పడతాయి, అదే దీని సుఖం, అదే దీని తలనొప్పి కూడా, ఎందుకంటే డై వెడల్పు, మీ పిన్ను రెక్కల మధ్య దూరం కలవకపోతే ఒక జత బాగా పడి ఇంకో జత సగం నలిగి ఊరుకుంటుంది. రెండో దారి ర్యాచెట్ లేని చిన్న చేతి ప్లయర్, జపాన్ వాళ్ళ ఇంజనీర్ పీఏ-09, పీఏ-21 లాంటివి. దవడలో వరుసగా వేరు వేరు సైజు గాళ్ళు ఉంటాయి, ముందు రాగి రెక్కలు ఒక గాడిలో, తర్వాత ఇన్సులేషన్ రెక్కలు కొంచెం పెద్ద గాడిలో, విడివిడిగా నొక్కుతారు. నెమ్మది పనే గానీ ఏ కంపెనీ పిన్ను వచ్చినా సర్దుకోవచ్చు. పీఏ-09 చిన్న పిన్నులకి, పీఏ-21 పెద్ద వాటికి.

నన్నడిగితే ఒక్క బైకుకి ఒక్కసారి చేసేవాళ్ళకి రెండో రకమే నయం. స్విచ్ కప్లర్లలో రెండు మూడు రకాల పిన్నులు కలిసి ఉంటాయి, ర్యాచెట్‌కి ప్రతిదానికీ వేరే డై వెతుక్కోవాలి. వరసగా పది బైకులు చేసేవాళ్ళకి మాత్రం ర్యాచెట్ లేకపోతే మణికట్టు పోద్ది. మార్చుకునే డైలు ఆరేడు కలిపి ఇచ్చే సెట్లు ఉంటాయి చూడండి, అందులో మీకు పనికొచ్చేది ఒకటో రెండో, మిగతావి డబ్బాలోనే తుప్పు పడతాయి, కాబట్టి ఎన్ని డైలు ఉన్నాయని కాకుండా మీ పిన్నుకి సరిపోయే ఓపెన్ బ్యారెల్ డై అందులో ఉందా లేదా అన్నదే చూస్కోండి.

డాయిచ్ కంపెనీ వాటర్‌ప్రూఫ్ డీటీ కప్లర్ వేస్కుందాం అనుకుంటే మళ్ళీ కథ మారుద్ది. దాని సాలిడ్ పిన్నులు గుండ్రని గొట్టంలా ఉంటాయి, నాలుగు వైపుల నుంచి గుచ్చే క్రింపర్ కావాలి, అది వేరే టూల్, ఖర్చు కూడా ఎక్కువ. అదే డీటీకి రేకు పిన్నులు కూడా దొరుకుతాయి, వాటికి మళ్ళీ ఓపెన్ బ్యారెలే. హ్యాండిల్‌బార్ దగ్గర డీటీ వేయడం నాకైతే పెద్దగా నచ్చదు, మంచిదే గానీ లావు, హెడ్‌లైట్ డూమ్‌లో (లైటు వెనక గిన్నెలాంటి డొప్పలో) అప్పటికే చోటు ఉండదు.

ఏ క్రింపర్ కొన్నా బైక్ పిన్నుల మీద నేరుగా మొదలుపెట్టకండి. అదే రకం పిన్నులు ఓ ఇరవై అదనంగా తెప్పించుకుని, అదే వైరు ముక్కల మీద చేసి చూడండి. మంచి క్రింప్ ఎలా ఉంటుందంటే, రాగి రెక్కల ముందు వైపు పోగుల కొసలు అర ఎంఎం నుంచి ఒక ఎంఎం బయటకి కనిపిస్తాయి, రెండు జతల మధ్య ఖాళీలో ఇన్సులేషన్ అంచు కూడా, రాగి కూడా రెండూ కనిపిస్తాయి, రాగి రెక్కల కింద ఇన్సులేషన్ నలిగి ఉండకూడదు, పిన్ను మొత్తం అరటిపండులా వంగకూడదు. తర్వాత లాగి చూడాలి. యూఎల్ 486ఏ అనే అమెరికా స్టాండర్డ్ ప్రకారం 20 గేజ్ వైరు క్రింప్ 13 పౌండ్ల లాగుడుకి ఆగాలి, అంటే సుమారు 6 కేజీలు, 18 గేజ్ అయితే 20 పౌండ్లు, 9 కేజీల దగ్గర. సామాన్లు తూకం వేసే స్ప్రింగ్ కాటా ఒకటి ఉంటే పిన్నుని వైస్‌లో బిగించి వైరుని కాటాకి కట్టి లాగండి. లాగేటప్పుడు ఇన్సులేషన్ రెక్కల్ని తెరిచి ఉంచి రాగి రెక్కల్ని మాత్రమే పరీక్షించాలి, లేకపోతే మీరు ప్లాస్టిక్ గట్టితనం కొలిచినట్టు. లాగిన పిన్నుని మళ్ళీ బైకులో వాడొద్దు.

ఇప్పుడు అసలు వైరు ఎక్కడ పెంచాలి అన్న సంగతి, ఎందుకంటే దీన్నిబట్టే సగం టూల్స్ తగ్గిపోతాయి. చాలామంది మధ్యలో కోసి ముక్క అతికేస్తారు. నేను చెప్పేది అసలు వైరు కొయ్యకండి అని. కప్లర్‌కి కప్లర్‌కి మధ్య ఒక ఎక్స్‌టెన్షన్ ముక్క చేయండి, ఒక చివర మగ, ఒక చివర ఆడ, మధ్యలో 20 సెంటీమీటర్ల వైర్లు, పాతది పాతలాగే ఉంటుంది, రేపు పాత హ్యాండిల్ వేస్కోవాలన్నా, ఏదైనా పని చెయ్యకపోతే తప్పు ఎక్కడుందో తేల్చాలన్నా ఆ ముక్క పీకి పక్కన పెడితే చాలు. దీనికి ఒక కప్లర్ జత, పిన్నులు, వైరు, క్రింపర్, అంతే, సాల్డరింగ్ ఐరన్ ముట్టుకోవాల్సిన పనే లేదు. వైర్లు బార్ బయట నుంచి వెళ్తుంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

బార్ లోపల నుంచి అయితే లెక్క వేరు. స్విచ్ దగ్గర నుంచి బార్ మధ్యలో బయటకొచ్చే రంధ్రం దాకా ఎంత దూరమో తీగ పెట్టి కొలవండి, మీ స్విచ్ సొంత వైరు ఆ రంధ్రం దాటి కనీసం చెయ్యి వెడల్పు బయటకి వస్తే పై పద్ధతే, ఎక్స్‌టెన్షన్ డూమ్‌లో పెట్టేస్కోవచ్చు. రాకపోతే అతుకు బార్ లోపల పడుద్ది, అది నాకు అస్సలు ఇష్టం లేదు, ఎందుకంటే లోపల నీళ్ళు చేరినా, రాపిడి అయినా మళ్ళీ మొత్తం పీకాల్సిందే. అప్పుడు స్విచ్ విప్పి లోపల రాగి పలకల దగ్గరే పాత వైరు తీసేసి కొత్త పొడుగు వైరు సాల్డర్ చేయడం మేలు. మీ ఐరన్‌కి సరైన చోటు అదొక్కటే, కంపెనీ వాళ్ళు కూడా అక్కడ సాల్డరే చేస్తారు. కాకపోతే టెంపరేచర్ కంట్రోల్ ఉన్న ఐరన్ అయితేనే, ఎందుకంటే ఆ పలకలు ప్లాస్టిక్‌లో కూర్చుని ఉంటాయి, చల్లటి ఐరన్‌తో ఎక్కువ సేపు పట్టుకుంటే ప్లాస్టిక్ మెత్తబడి పలక పక్కకి జరుగుద్ది, దానికంటే వేడి ఐరన్ ఒక్క క్షణం ఆనించి తీసేయడం సేఫ్. లీడ్ కలిసిన 63/37 (63 పాళ్ళు తగరం, 37 సీసం) సాల్డర్ 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుద్ది, ఈ పనికి అదే సుఖం. రోజిన్ కోర్ ఉన్నదే తీస్కోండి, రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ పొరపాటున కూడా వద్దు, అది రాగిని లోపల్నుంచి తినేస్తుంది.

మరి వైరు మధ్యలో సాల్డర్ ఎందుకు వద్దంటున్నానంటే, సాల్డర్ కరిగినప్పుడు పోగుల మధ్య నుంచి పాకుతూ ఇన్సులేషన్ కిందకి కొంత దూరం వెళ్ళిపోద్ది. అక్కడి దాకా వైరు కడ్డీలా గట్టిపడుద్ది, ఆ తర్వాత మెత్తన. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా, ఇంజిన్ అదిరినప్పుడల్లా వంపు అంతా ఆ ఒక్క చోటే పడుద్ది, పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. కదలని చోట, రెండు వైపులా గట్టిగా కట్టి ఉంచితే సాల్డర్ అతుకు ఏళ్ళ తరబడి ఉంటుంది, కాదనను. హ్యాండిల్‌బార్ వైరింగ్ కదలని చోటు కాదు కదా. తప్పనిసరిగా మధ్యలో అతకాల్సి వస్తే ఓపెన్ బ్యారెల్ స్ప్లైస్ అని చిన్న రేకు ముక్క ఉంటుంది, అదే క్రింపర్‌తో పడుద్ది, దాని మీద జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేయండి, అతుకులన్నీ ఒకే చోట పడకుండా వైరుకి వైరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు తేడాగా అంచెలంచెలుగా పెట్టండి, లేకపోతే అక్కడ కణితి కట్టినట్టు లావు వచ్చి బార్‌లోకి దూరదు.

పిన్నులు కప్లర్ నుంచి పీకే టూల్ గురించి. బార్ లోపలకి కప్లర్‌తో సహా వైరు దూరదు, బార్ బయటి కొలత 22.2 ఎంఎం, గోడ మందం 2 ఎంఎం అనుకుంటే లోపల 18 మాత్రమే, పైగా వంపులు. కాబట్టి పిన్నులు పీకక తప్పదు. దీనికి చెయ్యి తిరిగిన మెకానిక్కులు గుండుసూదితో, పాత గొడుగు ఊచ అరగదీసి చేస్తారు, మీరు మాత్రం సన్న పిక్కుల (సూదిలాంటి మొనలున్న ఊచల) సెట్ ఒకటి కొనుక్కోండి, అందులో చివర చదునుగా ఒక ఎంఎం వెడల్పు ఉన్నది ఎక్కువ పనికొస్తుంది. బలం వాడే పని కాదు ఇది. ముందు కప్లర్‌లో రెండో లాక్ ఉందేమో చూడాలి, తెల్లదో, ఎర్రదో, పసుపుదో చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని పైకి లేపకుండా పిన్ను ఎంత లాగినా రాదు, లాగితే విరుగుద్ది. డీటీలో అయితే ముందు వైపు ఆకుపచ్చదో నారింజదో వెడ్జ్ ఉంటుంది, నోస్ ప్లయర్‌తో అది ముందు లాగాలి. తర్వాత వైరుని వెనక నుంచి కొంచెం లోపలకి తోసి బరువు తీసేసి, ముందు నుంచి పిక్ పెట్టి నాలుకని (పిన్నుని పట్టి ఉంచే చిన్న లాకుని) వంచి, అప్పుడు వెనక్కి లాగితే దానంతట అదే జారి వస్తుంది. రాలేదంటే మీరు తప్పు వైపు పొడుస్తున్నారు, తిప్పి పెట్టండి. కొన్ని రకాల్లో నాలుక పిన్ను మీద ఉంటుంది, కొన్నిటిలో ప్లాస్టిక్ మీద ఉంటుంది. పిన్ను మీద ఉన్న రకమైతే బయటకి వచ్చాక ఆ నాలుకని మళ్ళీ కొద్దిగా పైకి లేపి పెట్టండి, అది మర్చిపోతే తిరిగి దూర్చినప్పుడు టిక్ అనదు, కప్లర్ కలిపినప్పుడు వెనక్కి జారిపోద్ది. పీకేముందు కప్లర్‌ని రెండు వైపుల నుంచి ఫోటో తీస్కోండి, ఏ రంగు ఏ గదిలో ఉందో కాగితం మీద కూడా రాస్కోండి, ఫోటోలో గోధుమ రంగు, ఎరుపు, నారింజ మూడూ ఒకలాగే కనిపిస్తాయి.

స్ట్రిప్పర్ విషయంలో తేలిగ్గా తేల్చేస్తా. బైక్ స్విచ్ వైర్లు ఎక్కువగా 0.5 నుంచి 0.85 చదరపు ఎంఎం, అంటే సుమారు 20, 18 గేజ్. ఇన్సులేషన్ పల్చన. గేజ్ వారీగా రంధ్రాలు ఉన్న మామూలు స్ట్రిప్పర్ మంచిది దొరికితే చాలు, 30 దాకా వెళ్ళే ఎలక్ట్రానిక్స్ రకం అక్కర్లేదు, 10 నుంచి మొదలై 18తో ఆగిపోయేది వద్దు, మీకు 16 నుంచి 22 దాకా కావాలి. తనంతట తను సర్దుకునే ఆటోమేటిక్ రకం స్పీడే గానీ పల్చటి ఇన్సులేషన్‌ని ఒక్కోసారి సాగదీసి వదిలేస్తుంది, దాని పట్టు అడ్జస్ట్ చేసే మర ఉంటే తిప్పుకుని ముక్క మీద చూస్కోండి. బ్లేడుతోనో పళ్ళతోనో మాత్రం వద్దు, ఏడు పోగుల వైరులో రెండు తెగినా మిగిలింది ఐదే.

పోగుల మాట వచ్చింది కాబట్టి, వైరు కొనేటప్పుడు గేజ్ ఒక్కటే చూడకండి. అదే 0.5 చదరపు ఎంఎం వైరు లావు పోగులు 7తోనూ వస్తుంది, సన్న పోగులు 20తోనూ వస్తుంది. హ్యాండిల్ దగ్గర సన్న పోగులు ఎక్కువ ఉన్నదే కావాలి, వంపుకి ఆగుద్ది. ఇన్సులేషన్ బయటి కొలత కూడా చూడాలి, పాత వైరు 1.6 ఎంఎం ఉంటే మీరు 2.4 ఉన్న లావు ఇన్సులేషన్ వైరు తెస్తే వెనక జత రెక్కలు మూసుకోవు, కప్లర్ రంధ్రంలోకి కూడా వెళ్ళదు. పొడవు పెరిగింది కాబట్టి వైరు లావు పెంచాలా అని చాలామందికి డౌట్. అక్కర్లేదు. 20 గేజ్ రాగి మీటరుకి 0.033 ఓమ్ ఉంటుంది, 20 సెంటీమీటర్లకి 0.007 కూడా రాదు, 55 వాట్ల హెడ్‌లైట్ కరెంట్ మొత్తం, అంటే నాలుగున్నర ఆంప్స్, దాన్లోంచి పోయినా పడిపోయేది 0.03 వోల్ట్. ఒక చెడ్డ క్రింప్ దీనికి పది రెట్లు తినేస్తుంది. హీటెడ్ గ్రిప్స్ పెడుతుంటే మాత్రం వాటికి స్విచ్ వైరు నుంచి తీయకండి, ఫ్యూజ్‌తో సొంత లైను వేయండి.

బార్‌లోంచి లాగడానికి ప్రత్యేకమైన టూల్ ఏమీ కొనక్కర్లేదు. బాల్ చెయిన్, అదే సన్న పూసల గొలుసు, ఒక మీటరు తీస్కుని బార్‌ని నిలబెట్టి పై నుంచి వదిలితే వంపులు దాటుకుంటూ తనే దిగుద్ది. లేదంటే దారం చివర దూది ఉండ కట్టి ఒక చివర పెట్టి రెండో చివర వాక్యూమ్ క్లీనర్ ఆనిస్తే లాగేస్తుంది. ఆ దారంతో గట్టి తాడు లాగి, తాడుకి వైర్లు అంచెలంచెలుగా టేపుతో కట్టి మొన తేలేలా చేయండి, పిన్నులన్నీ ఒకే చోట ఉంటే ఇరుక్కుంటాయి. గ్రీజు పూయకండి, పెట్రోలియం గ్రీజు ఇన్సులేషన్‌కీ రబ్బర్‌కీ మంచిది కాదు, సిలికోన్ స్ప్రే చాలు. ఒకళ్ళు లాగుతుంటే ఇంకొకళ్ళు ఇటు నుంచి తోస్తూ ఉండాలి, ఒంటిగా చేస్తే ఇన్సులేషన్ గీరుకుపోద్ది.

ఇక్కడే ఒక టూల్ అందరూ వదిలేస్తారు, ఆకురాయి. సన్న గుండ్రటిది, అర గుండ్రటిది రెండూ ఉండాలి. బార్‌లో వైరు దూరే రంధ్రం అంచు లోపలి వైపు కత్తిలా ఉంటుంది, బయట నుంచి వేలు పెట్టి చూస్తే నున్నగానే అనిపిస్తుంది, లోపలి అంచు వేలికి అందదు. అరగదీసి, పొడి అంతా గాలి కొట్టి, రబ్బర్ గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) వేశాకే వైరు ముట్టుకోవాలి. రంధ్రాలు లేని బార్‌కి మీరే డ్రిల్ వేద్దాం అనుకుంటుంటే, అల్యూమినియం బార్ అయితే వద్దే వద్దు, స్టీల్ అయినా క్లాంపు పక్కన, వంపు మీద వెయ్యకూడదు, బలం అంతా పడేది అక్కడే. వైరింగ్ రంధ్రాలతోనే వచ్చే బార్ కొనుక్కోవడమే తెలివి.

స్క్రూ డ్రైవర్ సంగతి చిన్నదే గానీ పని మొదట్లోనే ఆపేస్తుంది. జపాన్ బైకుల స్విచ్ హౌసింగ్ స్క్రూలు చూడ్డానికి ఫిలిప్స్ లాగా ఉంటాయి, కానీ జేఐఎస్ (జపాన్ స్టాండర్డ్) రకం, చాలాసార్లు తల మీద చిన్న చుక్క ఉంటుంది. మామూలు ఫిలిప్స్ పెట్టి తిప్పితే పైకి ఎగదన్ని తల అరిగిపోద్ది. వెసెల్ లాంటి జపాన్ కంపెనీ నంబర్ 2 ఒకటి ఉంటే బైక్ మొత్తానికి పనికొస్తుంది. స్విచ్ విప్పేటప్పుడు కింద అంచు ఉన్న ట్రే పెట్టుకోండి, ఇండికేటర్ స్విచ్‌లో స్ప్రింగు, చిన్న ఉక్కు గుండు ఎగిరి పడతాయి, మళ్ళీ దొరకవు.

హీట్ ష్రింక్‌కి లైటర్ వాడేవాళ్ళు ఉన్నారు, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటుంది. చిన్న హాట్ ఎయిర్ గన్, వెనక వంపు రేకు ఉన్న నాజిల్‌తో తీస్కోండి, వేడి చుట్టూ తిరిగి సమంగా బిగుస్తుంది. స్లీవ్ లోపల జిగురు ఉన్న 3:1 (మూడో వంతుకి ముడుచుకునే) రకమైతే చివర్ల నుంచి జిగురు సన్నగా బయటకి కనిపించే దాకా వేడి చేయాలి, అప్పుడే నీళ్ళు ఆగుతాయి. పైన చుట్టడానికి మామూలు ఇన్సులేషన్ టేపు వద్దు, ఎండకి జిగురు కారి చేతికి అంటుకుంటుంది. కార్లలో వాడే బట్ట టేపు, టెసా లాంటివి, లేదా జిగురు లేని పీవీసీ టేపు వాడండి. జిప్ టైలు కట్ చేసేది మాత్రం ఫ్లష్ కట్టర్‌తో, మామూలు కటింగ్ ప్లయర్‌తో కోస్తే మిగిలే మొన బ్లేడులా కోస్తుంది, అది చేతినైనా కోస్తుంది, పక్క వైరునైనా కోస్తుంది.

మల్టీమీటర్ మీ దగ్గర ఉందన్నారు, మంచిదే, కానీ బీప్ శబ్దాన్ని నమ్మకండి. ఏడు పోగుల్లో ఒక్కటి మిగిలినా బీప్ అంటుంది, ఓమ్స్‌లో పెట్టినా దాదాపు సున్నా చూపిస్తుంది, మీటరు వైర్లకే 0.1, 0.2 ఓమ్ ఉంటుంది. అసలు పరీక్ష లోడు మీద చేయాలి: అన్నీ కలిపేసి, హెడ్‌లైట్ వేసి, డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఎక్స్‌టెన్షన్ ముక్కకి ఆ చివర ఒక ప్రోబ్ ఈ చివర ఒక ప్రోబ్, కప్లర్ వెనక నుంచి సన్న సూది దూర్చి. 0.05 వోల్ట్ లోపు వస్తే బ్రహ్మాండం, 0.2 దాటితే ఆ పిన్ను మళ్ళీ చెయ్యాల్సిందే. ఇన్సులేషన్‌కి సూది గుచ్చి చూడకండి, ఆ రంధ్రంలోంచి నీళ్ళు పోయి ఆర్నెల్ల తర్వాత లోపల ఆకుపచ్చగా పొడి అవుద్ది. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బైక్ అయితే బల్బు ఉన్న పాత టెస్ట్ ల్యాంపు కూడా పక్కన పెట్టండి, అది లాగే కరెంట్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లైనుకి ఎక్కువ. బ్యాటరీ మైనస్ ముందు విప్పి పని మొదలుపెట్టడం తెలిసిందే కదా.

ఒక్కటి మాత్రం ముందే చూస్కోండి, మీ బైక్ రైడ్ బై వైర్ అయితే, అంటే యాక్సిలరేటర్‌కి కేబుల్ లేకుండా వైర్లే ఉంటే, ఆ థ్రాటిల్ వైర్లకి పైన చెప్పింది ఏదీ వర్తించదు. కొయ్యొద్దు, మధ్యలో అతకొద్దు, ఆ బైక్‌కే తయారైన ఎక్స్‌టెన్షన్ కొని మధ్యలో తగిలించండి. రెండు వైర్లు మెలేసి ఒక జతగా వెళ్తుంటే అది క్యాన్ లైను (బైక్‌లోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను) అయ్యుండొచ్చు, పెంచక తప్పకపోతే కొత్త ముక్క కూడా అలాగే మెలేసి ఉండాలి, ఆ మెలికే బయటి ఎలక్ట్రికల్ గోల లోపలికి రాకుండా ఆపేది.

అన్నీ కట్టేశాక, జిప్ టైలు ఇంకా పూర్తిగా బిగించకముందే, బైక్‌ని స్టాండ్ వేసి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఎడమ చివరి దాకా, కుడి చివరి దాకా నెమ్మదిగా తిప్పండి. ఆ రెండు చివర్లలోనూ ఒక్కో స్విచ్ నొక్కుతూ చూడండి, హారన్, ఇండికేటర్, డిప్పర్, రెండు లివర్ల స్విచ్‌లు, ఆఖర్న కిల్ స్విచ్. ఏ వైరూ బిగుసుకోకూడదు, మెడ దగ్గర ఫోర్క్‌కీ ఫ్రేముకీ మధ్య నలగకూడదు, ఐడ్లింగ్ మారకూడదు. ఐడ్లింగ్ పెరిగిందంటే అది వైరింగ్ కాదు, యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిదయ్యింది, కొత్త బార్‌కి అది కూడా పొడుగుది కావాలి, దాంతో పాటు క్లచ్ కేబుల్, బ్రేక్ హోస్ పొడవు కూడా అప్పుడే కొలిచేస్కోండి.